బట్ట వెనుక ఎవరి ముద్ర?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే పాత పట్టణం ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు వీధులను, ఇళ్లను అప్పటి రూపంలోనే నిలబెట్టి, ఆనాటి దుస్తుల్లో ఆనాటి వృత్తులను చేసి చూపే సజీవ మ్యూజియంగా ఆ పట్టణాన్ని నడుపుతున్నారు. అక్కడి ఒక దుకాణంలో నేటికీ చేతిసూదితో పాత పద్ధతి గౌన్లు కుడతారు. ఈ అభిరుచి ఆ పట్టణానికే పరిమితం కాదు. బ్రిటన్‌లో, నెదర్లాండ్స్‌లో, ఫ్రాన్స్‌లో, అమెరికాలో చరిత్ర ఘట్టాలను అభినయించేవారు, నాటకాలకు సినిమాలకు దుస్తులు రూపొందించేవారు, కేవలం ఇష్టం కొద్దీ కుట్టుకునేవారు ఎందరో ఉన్నారు. ఒక్క గౌనుకు ఆరేడు గజాల గుడ్డ పడుతుంది. కుట్టు ఎంత నేర్చినా, గుడ్డ మీది పువ్వు ఆ కాలానిది కాకపోతే శ్రమంతా వృథా అని వారి నమ్మకం. అందుకే పద్దెనిమిదో శతాబ్దపు అద్దకాలను మళ్లీ అచ్చువేసి అమ్మే వ్యాపారం ఒకటి అక్కడ నిలదొక్కుకుంది.

ఆ వ్యాపారంలో చూపే శ్రద్ధ ముచ్చటైనది. మ్యూజియంలో భద్రపరిచిన పాత గౌనునో, నమూనా పుస్తకంలో అతికించిన గుడ్డముక్కనో ఫొటో తీస్తారు. ఒక పువ్వు ఎన్ని అంగుళాలకు తిరిగి వస్తుందో కొలుస్తారు. రంగులను విడదీసి, వెలిసిన ఎరుపు మొదట ఎంత ముదురుగా ఉండేదో అంచనా కడతారు. తెల్లటి నేల మీద సన్నని తీగ, తీగకు ఎర్రని పువ్వు, ఆకుకు నీలం, అక్కడక్కడా ఊదా. పాత గుడ్డలో నీలిరంగు గీత దాటి పక్కకు ఒలికి ఉంటే, కొన్ని నకళ్లలో ఆ ఒలికిన మరకను కూడా అలాగే ఉంచుతారు. అది ఆనాటి చేతి గుర్తు గనుక దాన్ని దిద్దకూడదని వారి నియమం.

చేయి జారిన మరకను కూడా ఇంత భక్తితో కాపాడుతున్నవారు, ఆ చేయి ఎవరిదో మాత్రం చెప్పలేకపోతున్నారు. గుడ్డ పక్కన ఉండే చీటీలో సాధారణంగా కనిపించేది ఒకే తరహా వాక్యం: కోరమాండల్ తీరం, 1750-75 ప్రాంతం, యూరప్ మార్కెట్టు కోసం తయారైనది. తీరానికి పేరుంది. కాలానికి లెక్క ఉంది. కొన్నవారి జాడ ఉంది. తయారుచేసిన మనిషి స్థానంలో ఖాళీ ఉంది. ఈ ఖాళీని యాదృచ్ఛికమని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. అది ఏర్పడిన తీరు తెలుగు సమాజం తప్పక తెలుసుకోవలసిన చరిత్ర. ఎందుకంటే కోరమాండల్ తీరంలో పెద్ద భాగం మన కోస్తా.

ఒక గుడ్డ, పది కులాలు

యూరప్‌లో చింట్జ్ అని, డచ్చి భాషలో సిట్స్ అని పిలిచిన గుడ్డ తెలుగులో చీటీగుడ్డ. ఉత్తరాన మచిలీపట్నం, పాలకొల్లు, నర్సాపురం మొదలుకొని దక్షిణాన మద్రాసు, పుదుచ్చేరి దాకా దీన్ని తయారుచేశారు. డచ్చివారు, ఇంగ్లీషువారు పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లలోనే మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. పాలకొల్లులో అద్దకందార్ల ఓర్పును చూసి అబ్బురపడ్డ డచ్చి ఉద్యోగి డేనియల్ హవార్ట్, 1693లో అచ్చయిన తన గ్రంథంలో ఆ విషయం ప్రత్యేకంగా రాశాడు. యూరప్‌కు అప్పటికి తెలియని విద్య ఇక్కడ ఉంది. ఎన్ని ఉతుకులకైనా వెలవని ఎరుపు, నీలం నూలుగుడ్డకు పట్టించడం ఆ విద్య.

ఈ విద్యను మనం ఈనాడు ఒకే పదంలో, కలంకారీ అనే మాటలో, ఇరికించేశాం. కలం పట్టినవాడు ఒక్కడే దాన్ని సృష్టించినట్టు ఆ మాట భ్రమ కలిగిస్తుంది. నిజానికి పత్తిని ఏకింది దూదేకులవారు. రాట్నం మీద నూలు వడికింది ఊరూరా స్త్రీలు. సన్నని గుడ్డ నేసింది పద్మశాలి, దేవాంగ, కైకాల వంటి నేతకులాలు. ఆ గుడ్డ మగ్గం దిగగానే చాకలి చేతికి వెళ్లేది. మేకపెంటలో నానబెట్టి, పారే నీటిలో బండకేసి బాది, ఎండలో పరిచి నీళ్లు చల్లుతూ రోజుల తరబడి తెల్లబరిచేవారు. తరువాత కరక్కాయ రసం, గేదెపాలు కలిపి పట్టించేవారు. ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన ద్రావణంతో నల్లని గీతలు, పటిక నీళ్లతో ఎరుపు రావలసిన చోట్లు గీసేవారు. అప్పుడు చిరివేరుతో కలిపి ఉడికించేవారు. పటిక తగిలిన మేరకు ఎరుపు నిలిచేది, మిగతాది మళ్లీ ఉతికి ఎండబెడితే పోయేది. నీలం రావలసిన చోటు తప్ప మిగిలిన గుడ్డంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచేవారు. మైనం తీయడానికి మరుగునీళ్లు, ఆపైన మళ్లీ ఉతుకు. పసుపు చివరన కలంతో పూసేవారు.

ఈ వరుసను జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కలం పని రెండు మూడు దశల్లోనే ఉంది. ఉతుకు ప్రతి దశకూ మధ్య ఉంది. రంగు నిలవడమనే రహస్యంలో సగం చాకలిరేవులో ఉంది. నీరు ఎంత పారాలి, గుడ్డను ఎంత బాదాలి, ఎండ ఎప్పుడు చాలించాలి అన్నది పుస్తకాల్లో లేని శాస్త్రం. బట్టను శుద్ధి చేసే ఆ శాస్త్రం తెలిసినవారినే మన సమాజం తక్కువ కులంగా నిలబెట్టింది. మేకపెంట, మురుగునీరు, తడిబట్ట బరువు వారికి. ఆ గుడ్డ మీది దేవతల బొమ్మలు గుడికి.

చిరివేరు సంగతి ఇంకా దారుణం. ఇసుకనేలల్లో లోతుకు దిగే సన్నని వేరు అది. దాన్ని తెంపకుండా తవ్వి తీయడం నడుము విరిగే పని. నిజాంపట్నం పరిసరాల ఇసుక నేలల్లో దొరికే వేరు మేలైనదని పదిహేడో శతాబ్దపు యూరప్ వర్తకులు రాసుకున్నారు. సముద్రం ఆవల సింహళంలో డచ్చి కంపెనీ ఈ వేరు తవ్వకాన్ని కొన్ని కులాల మీద తప్పనిసరి సేవగా రుద్దింది. కులం చెప్పిన పుట్టుకను, కంపెనీ చెప్పిన వెట్టిని కలిపి కుట్టిన వ్యవస్థ అది. యూరప్ గౌను మీది ఎరుపు అక్కడి నుంచే మొదలైంది.

ఇదే ఊళ్లలో మాలలు కూడా మగ్గం నేశారు. వారిది ముతక నేత, ఊరి అవసరాలకు సరిపోయే నేత. వలసపాలన నాటి కులవివరణ గ్రంథాలు దీన్ని నమోదు చేశాయి. అయినా ఆ నేత వారికి నేతగాళ్ల గౌరవాన్ని తెచ్చిపెట్టలేదు. ఒకే మగ్గం, ఒకే నూలు. ఒకరు సాలీలు, ఇంకొకరు అంటరానివారు. కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసేవారినే ఒకరి మీద ఒకరిగా పేరుస్తుందని అంబేడ్కర్ 1936లో చేసిన విశ్లేషణకు తెలుగు మగ్గం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

పేటకు కులం పేరు, చిట్టాకు వర్తకుడి పేరు

కంపెనీలు ఈ కులవ్యవస్థను సృష్టించలేదు. కానీ దాన్ని తమ లెక్కలకు అనువుగా వాడుకున్నాయి. ఇంగ్లీషు కంపెనీ 1734లో మద్రాసులో చింతాద్రిపేటను నెలకొల్పింది. నూలు వడికేవారు, నేతగాళ్లు, అద్దకందార్లు, చాకళ్లు ఒకచోట ఉండి గుడ్డ తయారుచేయడానికే ఆ పేట. చిన్న తరిపేట, అంటే చిన్న మగ్గాల పేట, అన్న మాటే అలా మారింది. కంపెనీ గుడ్డను తెల్లబరిచిన చాకళ్ల నివాసం వల్ల మద్రాసులోనే మరో పేటకు వాషర్‌మన్‌పేట అన్న పేరు వచ్చింది. నగర పటం మీద వృత్తికీ కులానికీ చోటు దొరికింది. ఆ కులంలోని ఒక్క మనిషి పేరుకూ దొరకలేదు.

కంపెనీ ఒప్పందం రాసుకున్నది వర్తకుడితో. వర్తకుడు అడ్వాన్సు తీసుకుని నేతకులాల పెద్దకు ఇచ్చేవాడు. ఆ పెద్ద మగ్గానికి పంచేవాడు. చిట్టాల్లో వర్తకుల పేర్లు, దుబాసీల పేర్లు పుష్కలంగా కనిపిస్తాయి. కిందికి దిగేకొద్దీ పేర్లు పోయి కులాలు, కులాలు పోయి మగ్గాల సంఖ్యలు మాత్రం మిగులుతాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర అడ్వాన్సుల ఉచ్చుకు, బంట్రోతుల కాపలాకు ఉత్తర కోరమాండల్ నేతగాళ్లు ఎదురుతిరిగినప్పుడు మాత్రమే వారు కంపెనీ కాగితాల్లోకి మనుషులుగా వచ్చారు. అదీ అల్లరిమూకగా.

నర్సాపురం పక్కన మాధవాయపాలెం అనే ఊరుంది. ఆ ఊరి పేరు ఇంగ్లీషు నోట మడపొల్లంగా మారి ఒక రకం నూలుగుడ్డకు స్థిరపడింది. యూరప్ గుడ్డల వ్యాపారంలో ఆ మాట నేటికీ ఉంది. గోదావరి ఒడ్డున ఒక పల్లె పేరు ప్రపంచ భాషల్లో నిలిచింది గానీ, ఆ పల్లెలో నేసినవారి పేరు ఆ పల్లెలోనే నిలవలేదు.

నిషేధం, నకలు, రహస్యం

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో ఈ గుడ్డ కేవలం ముస్తాబు కాదు, రాజకీయం. ఫ్రాన్స్ 1686లో అద్దకపు నూలుబట్టల దిగుమతిని, దేశంలో వాటి తయారీని కూడా నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు 1700 నాటి చట్టంతో దిగుమతిని అడ్డుకుంది. అది చాలలేదు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లు వీధుల్లో చీటీగుడ్డ కట్టిన స్త్రీల మీద పడి గౌన్లు చించారు. దాంతో 1721లో పార్లమెంటు దాన్ని ధరించడాన్నే నిషేధించింది. అక్కడి పెద్దల ఆందోళనల్లో ఒకటి మనకు బాగా పరిచితమైనది: పనిమనిషి, యజమానురాలు ఒకే తీరు గుడ్డ కడితే ఇద్దరినీ వేరుగా గుర్తించేదెలా?

నిషేధం నడుస్తున్న కాలంలోనే రహస్యం కోసం వేట కూడా నడిచింది. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో అద్దకందారు పక్కనే కూర్చుని, ఒక్కో దశ పూర్తికాగానే ఒక్కో గుడ్డముక్క కత్తిరించి, వివరాలు రాసి పారిస్‌కు పంపాడు. 1742లో గాస్తోన్ లోరాన్ కూర్దూ అనే జెసూట్ మతగురువు మొత్తం విధానాన్ని ఒక లేఖగా రాశాడు. ఆయనకు ఆ విద్య చెప్పింది ఆ పనిలో ఆరితేరి, కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన స్థానికులు. 1795లో విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల మీద అచ్చువేసిన గొప్ప గ్రంథంలో చిరివేరు మొక్క బొమ్మతో పాటు ఉత్తర కోస్తాలో దానితో ఎరుపు పట్టించే తీరు కూడా ఉంది. ఆయన కేంద్రం సామర్లకోట. ఆ గ్రంథంలోని మొక్కల బొమ్మలు గీసింది భారతీయ చిత్రకారులు. గ్రంథం మీద ఉన్నది రాక్స్‌బర్గ్ పేరు.

నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదే, 1760లో, పారిస్ దగ్గర జూయి అనే ఊళ్లో ఒబర్‌కాంఫ్ తన అద్దకపు కర్మాగారాన్ని ప్రారంభించాడు. ఇంగ్లండు 1774లో స్వదేశంలో నేసిన నూలుబట్టకు అనుమతినిచ్చింది. ఇక్కడ గుడ్డ అంచులను గమనించాలి. ఆ ఇంగ్లీషు చట్టం, బట్ట తమ దేశంలోనే తయారైందని తెలియడానికి, అంచులో మూడు నీలి దారాలు నేయాలని విధించింది. ఒబర్‌కాంఫ్ గుడ్డ థాను చివర తన పేరు, ఊరు, రంగు పక్కా అన్న హామీ అచ్చువేశాడు. అదే కాలపు కోరమాండల్ గుడ్డను వెనక్కి తిప్పితే కొన్నిటి మీద ఇంకా చెరగని ముద్ర కనిపిస్తుంది. అది ఈస్టిండియా కంపెనీ ముద్ర.

మూడు గుడ్డలు, మూడు అంచులు. ఒకచోట దేశం సంతకం చేసింది. ఒకచోట యజమాని సంతకం చేశాడు. మూడోచోట కొన్నవాడు సంతకం చేశాడు. నేటి నకలు బట్టల తయారీదారులు కాలనిర్ణయానికి ఆ నీలి దారాలను, ఆ అచ్చు పేరును, ఆ కంపెనీ ముద్రను ఆధారంగా తీసుకుంటారు. సంతకం లేనివారు కాలనిర్ణయానికి కూడా పనికిరాని స్థితి అది.

పేరు ఎవరికి తిరిగి దక్కింది?

కూర్దూ కథలో మరో మలుపు ఉంది. ఆయన ఎన్నో ఏళ్లు ఈ ప్రాంతంలో ఉండి తెలుగు నేర్చాడు, నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న పోలికలను యూరప్ పండితులకు తొలిగా రాసిన కొద్దిమందిలో ఒకడు. భారతీయుల కులాలు, ఆచారాల గురించి కూడా ఒక రచన చేశాడు. ఆ రచనే తరువాత అబే దుబ్వా పేరుతో 1816లో ఇంగ్లీషులో వెలువడి, కులం గురించి వలసపాలకులకు పాఠ్యగ్రంథంగా మారిన పుస్తకానికి మూలమని సిల్వియా మూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు 1987లో నిరూపించారు. దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత కూర్దూకు తన పేరు తిరిగి దక్కింది.

అన్యాయంగా పేరు పోయిన ఒక రచయితకు అది తిరిగి రావడం మంచిదే. కానీ ఇందులో ఒక తారతమ్యం ఉంది. పేరు పోయిన మతగురువు కోసం వెదకడానికి ఒక పరిశోధనా రంగం ఉంది, రాతప్రతి ఉంది, పోల్చడానికి మరో రాతప్రతి ఉంది. ఆయనకు అద్దకం నేర్పినవారి కోసం వెదకడానికి అవేవీ లేవు. ఒకే మనిషి రంగుల విద్యనూ రాశాడు, కులాచారాలనూ రాశాడు. మొదటి రాతలో పనివారు విద్యగా మారారు. రెండో రాతలో కులంగా మారారు. రెండింటిలోనూ మనుషులుగా మిగలలేదు.

దీనికి భిన్నమైన మార్గం ఉందని, విచిత్రంగా, ఆ గౌన్లు కుట్టే ప్రపంచమే మనకు చూపుతోంది. చాలాకాలం వారు రాణుల, జమీందారిణుల దుస్తులకే నకళ్లు తీశారు. ఆ తరువాత ప్రశ్న మారింది: పేదస్త్రీ ఏం కట్టింది? లండన్‌లో 1741లో మొదలైన ఫౌండ్లింగ్ ఆసుపత్రిలో బిడ్డలను వదిలిపెట్టిన తల్లులు ఉన్నారు. ఆ బిడ్డలను చేర్చుకున్నప్పుడు గుర్తు కోసం గుడ్డముక్కలను కాగితాలకు గుచ్చి దాచారు. చీటీగుడ్డ పోలికలున్న చవక అద్దకాలు, గళ్లు, పువ్వులు ఉన్న అలాంటి ముక్కలు ఐదువేలకు పైగా మిగిలాయి. చరిత్రకారుడు జాన్ స్టైల్స్ వాటిని అధ్యయనం చేసి 2010లో ప్రదర్శన పెట్టారు. పద్దెనిమిదో శతాబ్దపు పేదస్త్రీల బట్టల గురించి నేడు తెలిసిన దానిలో చాలా భాగం ఆ ముక్కల నుంచే వచ్చింది.

వర్జీనియాలో ఇంకో రకం ఆధారం ఉంది. పారిపోయిన బానిసలను పట్టివ్వమని యజమానులు పత్రికల్లో ప్రకటనలు వేసేవారు. మనిషి పేరు, వయసు, ఒంటి మీది మచ్చలతో పాటు ఏ గుడ్డ కట్టి పారిపోయిందో కూడా రాసేవారు. వాటిలో కేలికో గౌన్లు, చింట్జ్ రవికెలు కనిపిస్తాయి. పట్టుకోవడానికి రాసిన ఆ రాతలనే ఈనాటి పరిశోధకులు తలకిందులు చేసి చదివి, బానిస స్త్రీల దుస్తులను పునర్నిర్మిస్తున్నారు. కోరమాండల్ గుడ్డ ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి మారకంగా వాడిన సరుకుల్లో కూడా ఉందని గుర్తుంచుకుంటే, ఆ గౌను మీద రెండు ఖండాల అనామకులు కలుసుకున్నారని అర్థమవుతుంది. వారిలో ఒకరి కోసం అన్వేషణ మొదలైంది. రెండోవారి కోసం ఆ పని చేయవలసింది మనం.

'మన' కలంకారీ అన్నప్పుడు

కానీ మనం చేస్తున్నది వేరు. తెలుగువాడి అద్దకం ఒకనాడు ప్రపంచాన్ని ఏలిందని, యూరప్ రాణులు మన గుడ్డ కోసం తపించారని సభల్లో చెప్పుకుంటాం. ఆ వాక్యాల్లోని 'మన' అనే మాటను ఎవరూ విప్పి చూడరు. చాకలిరేవులో నిలబడినవాడు, చిరివేరు తవ్విన ఆడమనిషి, నీలిమందు తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచినవాడు ఆ 'మన'లో ఏనాడు ఉన్నారు? లండన్‌లో చీటీగుడ్డ కట్టిన పనిమనిషిని చూసి పెద్దలు భయపడ్డారు; అందుకొక చట్టం కావలసి వచ్చింది. మన దేశంలో కింది కులాల స్త్రీ ఏం కట్టాలో చెప్పడానికి చట్టంతో పనిలేకపోయింది, ఆచారం చాలింది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే 1859లో ప్రభుత్వం దిగివచ్చింది. అప్పుడు కూడా పై కులాల స్త్రీల మాదిరిగా కప్పుకోకూడదన్న షరతు పెట్టింది. ప్రపంచానికి బట్ట కట్టిన దేశంలో, ఎవరు ఎంత బట్ట కట్టుకోవాలో పుట్టుక తేల్చింది. గర్వపడేముందు ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కనే చదవాలి.

మచిలీపట్నం పక్కనున్న పెడనలో నేటికీ చెక్క అచ్చులతో అద్దకం సాగుతోంది. శ్రీకాళహస్తిలో కలంతో రాసే సంప్రదాయం ఉంది. రెండింటికీ భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి పద్మశ్రీ దక్కింది. కలం పట్టినవారికి పేరు రావడం చరిత్రలో ఆలస్యంగా జరిగిన న్యాయం. అయితే ఆ న్యాయం కలం దగ్గరే ఆగిపోయింది. కాలువలో మోకాలి లోతు నీటిలో నిలబడి గుడ్డ ఉతికేవారు, రంగులు ఉడికించే పొయ్యి దగ్గర నిలబడేవారు, అచ్చు చెక్కేవారు ఇప్పటికీ కూలీలే. కళాకారులు అన్న మాట వారి దాకా రాదు. మరోవైపు మిల్లుల్లో తెర అచ్చుతో వేసిన గుడ్డ కలంకారీ పేరుతోనే వీధివీధినా తక్కువ ధరకు అమ్ముడవుతోంది. నాడు ఒబర్‌కాంఫ్ చేసిన పనే ఇది. ఒక్క తేడా, ఆయన తన ఊరి పేరైనా నిజం వేశాడు.

విదేశాల్లో గౌన్లు కుట్టేవారిలో కొందరు రాజస్థాన్‌లోని సాంగానేర్, బగ్రూల నుంచి చెక్క అచ్చుల బట్ట తెప్పించుకుంటారు. అక్కడ ఆ పని ఛీపా అనే కులానిది. మరికొందరు మ్యూజియం ఫొటోను కంప్యూటర్‌కు ఎక్కించి డిజిటల్ యంత్రం మీద అచ్చు వేయించుకుంటారు. కోరమాండల్ పువ్వు ఇప్పుడు కోరమాండల్ చేయి లేకుండానే పూస్తోంది. ఆ పువ్వు మీద హక్కు అడగడానికి చట్టంలో దారి లేదు; ఆ డిజైన్లు అందరి సొత్తు. అడగగలిగింది వేరొకటి ఉంది. అది గుర్తింపు.

దీనికోసం చేయదగిన పనులు ఆకాశం నుంచి ఊడిపడేవి కావు. భౌగోళిక సూచికల చట్టం కింద ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావచ్చు. ఆ నమోదు అచ్చుశాల యజమానుల దగ్గర ఆగకుండా ఉతికేవారికి, రంగు ఉడికించేవారికి, అచ్చు చెక్కేవారికి, స్త్రీలకు విస్తరించేలా రాష్ట్ర ప్రభుత్వం పూనుకోవాలి. చేనేత, హస్తకళల పథకాల్లో కళాకారుడి గుర్తింపు కార్డుకు నిర్వచనం మారాలి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు కంపెనీ చిట్టాలను వర్తకుల కోసం కాక పనివారి కోసం మళ్లీ చదవాలి. చాకలి, దూదేకుల, మాల నేత కుటుంబాల్లో మిగిలిన మౌఖిక జ్ఞాపకాన్ని, పని మాటలను, పనిముట్ల పేర్లను ఆ తరం వెళ్లిపోకముందే రికార్డు చేయాలి. ఫౌండ్లింగ్ ఆసుపత్రి గుడ్డముక్కలకు దొరికిన శ్రద్ధ, పెడన రేవుకు దొరకకపోవడానికి కారణం ఆధారాల కొరత ఒక్కటే కాదు. వెదకవలసినవారు వెదకదగ్గ మనుషులుగా వారిని చూడకపోవడం కూడా.

ఆ వెదుకులాట ఫలితాలను మ్యూజియంల ముందూ, నకలు బట్టలు అమ్మేవారి ముందూ పెట్టవచ్చు. గుడ్డ పక్కన ఉండే ఆ చీటీలో 'కోరమాండల్ తీరం' తరువాత ఇంకో వాక్యం చేర్చమని అడగవచ్చు: దీన్ని ఏకినవారు, వడికినవారు, నేసినవారు, ఉతికినవారు, వేరు తవ్వినవారు, రంగు వేసినవారు ఫలానా వృత్తికులాల స్త్రీపురుషులు అని. మనుషుల పేర్లు తిరిగి రాకపోయినా, పని అయినా పూర్తిగా నమోదవుతుంది. ఒలికిన నీలిమరకను కూడా నకలు తీసేంత నిజాయితీ ఉన్నవారికి ఆ వాక్యం బరువు కాదు.

అయితే ఆ అడిగే అర్హత మనకు రావాలంటే ముందు మన గుడ్డ అంచు సరిచూసుకోవాలి. ఈ ఏడాది పెడనలో తయారయ్యే కలంకారీ దుప్పటి అంచున, యజమాని పేరుతో పాటు, దాన్ని అద్దినవారి పేరు, ఉతికినవారి పేరు అచ్చు వేయడానికి ఏ చట్టమూ అడ్డురాదు. చెక్క మీద నాలుగు అక్షరాలు చెక్కితే చాలు. ఆ నాలుగు అక్షరాలు చెక్కడానికి మనసు ఒప్పుకోకపోతే, అడ్డుపడుతున్నది ఏమిటో మనకు తెలుసు.